కళ్ళు మూసుకుని గీసే గీతలు

టెట్ తప్పినవాళ్ళకు మనం ఇచ్చే సలహా ఒక్కటే: "ఈసారి ఇంకాస్త కష్టపడి చదువు." తల్లిదండ్రులు చెప్పినా, కోచింగ్ సెంటరు వారు చెప్పినా, పక్కింటి రిటైర్డ్ మాస్టారు చెప్పినా మాట మారదు. ఈ సలహా సరైనది కాదని నా అభిప్రాయం. పైగా అది ఆ పరీక్ష పాఠ్యప్రణాళికలోనే ఉన్న ఒక పాఠానికి పూర్తిగా విరుద్ధం.

దూరదేశాల్లో ఉండి ఈ పరీక్ష సంగతి అంతగా తెలియని మిత్రుల కోసం రెండు ముక్కలు. ఉపాధ్యాయ అర్హత పరీక్షనే టెట్ అంటున్నాం. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. ఆ ఏడాది ఆగస్టు 23న జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి, ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు బోధించేవారికి ఈ అర్హత ఉండాలని నిర్ణయించింది. ఉమ్మడి రాష్ట్రంలో తొలి టెట్ 2011 జులైలో జరిగింది. 150 ప్రశ్నలు, 150 మార్కులు, రెండున్నర గంటలు. తప్పు జవాబుకు కోత లేదు. జనరల్ అభ్యర్థులకు 90, బీసీలకు 75, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 60 మార్కులు వస్తే అర్హత వచ్చినట్టే. ఎన్నిసార్లయినా రాయవచ్చు. ఒకప్పుడు ఏడేళ్ళే చెల్లిన ఈ ధ్రువపత్రానికి 2021లో జీవితకాలపు చెల్లుబాటు ఇచ్చారు.

ఈ మధ్య మా ఓరుగల్లు ప్రాంతంలో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల వాళ్ళు కొందరితో ఈ పరీక్ష గురించి మాట్లాడాను. అందరూ ఒకసారో రెండుసార్లో తప్పి మళ్ళీ చదువుతున్నవాళ్ళే. వాళ్ళలో ముగ్గురి సంగతి చెబితే నా వాదన తేలికగా అర్థమవుతుంది. పేర్లు అవసరం లేదు.

జనగామ అబ్బాయి జనరల్ కోటాలో 84 మార్కుల దగ్గర ఆగిపోయాడు. అంతకు ముందుసారి 81. మానుకోట పక్క తండా నుంచి వచ్చిన అమ్మాయి 60 కావలసిన చోట 57తో తప్పింది. మూడో వ్యక్తి భూపాలపల్లి జిల్లాలో ఇరవయ్యేళ్ళకు పైగా పాఠాలు చెబుతున్న బయాలజీ ఉపాధ్యాయుడు. ఆయన ఉద్యోగంలో చేరేనాటికి టెట్ అనే మాటే పుట్టలేదు. ఆయన ఎందుకు రాయవలసి వచ్చిందో తరవాత చెబుతాను.

"ఎన్నిసార్లు చదివినా గవ్వే మార్కులస్తున్నయన్నా. బుక్కులన్నీ నోటికొచ్చినయి" అన్నాడు జనగామ అబ్బాయి. అతని బల్ల మీద నాలుగు రకాల గైడ్లు, రెండు బిట్ బ్యాంకులు, రంగురంగుల గీతలు పెట్టిన నోట్సు ఉన్నాయి. కష్టపడలేదని ఎవరూ అనలేరు. అతని గైడులోనే శిశువికాసం, అధ్యాపనశాస్త్రం విభాగంలో థార్న్‌డైక్ పాఠం ఉంది. బోనులో పిల్లి, యత్న–దోష అభ్యసనం, సంసిద్ధతా నియమం, అభ్యాస నియమం, ఫలిత నియమం. బిట్టు అడిగితే తడుముకోకుండా చెబుతాడు.

అయితే గైడ్లలో ఒక వాక్యంతో ముగిసిపోయే సంగతి మరొకటి ఉంది. పిల్లి ప్రయోగాలు 1898 నాటివి. ముప్ఫయ్యేళ్ళ తరవాత థార్న్‌డైక్ తన అభ్యాస నియమాన్ని తానే సవరించుకున్నాడు. ఒక మనిషిని కళ్ళు మూసుకుని నాలుగంగుళాల గీత గీయమన్నాడు. గీసిన గీత ఎంత పొడవుందో చెప్పలేదు. అలా వేలసార్లు గీయించాడు. చివరి గీతలు మొదటి గీతలకన్నా ఏమీ మెరుగుపడలేదు. ఫలితం తెలియని పునరావృతి ఏమీ నేర్పదని దానితో తేలింది. సాధన ఒక్కటే చాలదు, ఎంత తప్పామో ప్రతిసారీ తెలియాలి.

టెట్ మళ్ళీ రాసేవాళ్ళలో ఎక్కువమంది చేస్తున్నది ఇదేనని నాకు అనిపిస్తుంది. గైడు మొదటి పుట నుంచి మళ్ళీ మొదలుపెడతారు. పియాజే నాలుగు దశలు ఇంతకు ముందే వచ్చు, మళ్ళీ చదువుతారు. సంధులు, సమాసాలు వచ్చు, మళ్ళీ చదువుతారు. వచ్చినదాన్ని చదువుతుంటే హాయిగా ఉంటుంది, సాగుతున్నట్టు ఉంటుంది. రానిది వచ్చేసరికి నెలలు గడిచిపోయి హాల్ టికెట్టు వస్తుంది. మార్కులు మళ్ళీ ఆ చుట్టుపక్కలే తిరుగుతాయి.

ఇక్కడ కాస్త లెక్క చేద్దాం. ప్రతి ప్రశ్నకూ నాలుగు జవాబులుంటాయి. తప్పుకు కోత లేదు కాబట్టి తెలియనివాటికి కూడా ఏదో ఒకటి గుర్తిస్తాం. నాలుగింట ఒకటి కలిసొస్తుందనుకుంటే, 84 మార్కులు వచ్చిన అభ్యర్థికి నిజంగా తెలిసినవి 62 ప్రశ్నలు. మిగతా 88 ఊహ, వాటిలో 22 కలిసొచ్చాయి. నిజజీవితంలో ఊహ ఇంత గుడ్డిగా ఉండదు, రెండు జవాబులను కొట్టివేసి మిగతా రెంటిలో ఒకటి ఎంచుకుంటాం. అయినా ఈ మోటు లెక్క ఒక సంగతి చెబుతుంది. 88 ప్రశ్నలు ఊహించినప్పుడు అదృష్టం ఒక్కటే నాలుగు మార్కులు అటో ఇటో లాగగలదు. ఏమీ కొత్తగా నేర్చుకోకుండానే ఆ అబ్బాయికి ఒకసారి 80, ఒకసారి 88 రావచ్చు. 81 నుంచి 84కు పెరిగానని అతను సంతోషించాడు. ఆ మూడు మార్కులు చదువు వల్లనే వచ్చాయని చెప్పడానికి ఆధారం లేదు. 84 తరవాత 82 వస్తే కుంగిపోవడానికీ కారణం లేదు.

అదే లెక్కన సగటున 90 రావాలంటే నిజంగా తెలిసినవి 70 కావాలి. అదృష్టం నాలుగు మార్కులు వెనక్కి లాగినా గట్టెక్కాలంటే 75 కావాలి. అంటే 62కు మరో పదమూడు. నాలుగు గైడ్లు తిరగెయ్యనక్కరలేదు. ఆ పదమూడు ప్రశ్నలు ఏ పాఠాల్లో ఉన్నాయో తెలిస్తే చాలు.

తెలుసుకునే వీలు ఇప్పుడుంది. తెలంగాణలో 2024 నుంచి టెట్‌ను కంప్యూటరు మీద నిర్వహిస్తున్నారు. పరీక్ష తరవాత ప్రాథమిక కీతో పాటు, ఎవరు ఏ ప్రశ్నకు ఏ జవాబు గుర్తించారో చూపే రెస్పాన్స్ షీటు కూడా ఇస్తున్నారు. దాన్ని మనవాళ్ళు దేనికి వాడుతున్నారు? ఎన్ని మార్కులు వస్తాయో లెక్కపెట్టుకోవడానికి, కీ మీద అభ్యంతరాలు పెట్టడానికి. లెక్క అయిపోగానే మూసేస్తారు. థార్న్‌డైక్ గీతలు గీసినవాడికి దక్కని కొలబద్ద అదే. విడుదలైన రోజే దించుకుని, అచ్చు తీసుకుని, మొదటి వారమంతా దానితోనే కూర్చోవాలి. తప్పిన ప్రతి ప్రశ్న పక్కనా ఎందుకు తప్పిందో రాసుకోవాలి: తెలియకనా, తెలిసీ తొందరపడా, ప్రశ్న అర్థంకాకనా? ఈ మూడింటికీ మందు వేరు. మొదటిదానికి పాఠం కావాలి. రెండోదానికి గడియారం పెట్టుకుని రాసే మాదిరి పరీక్షలు కావాలి. మూడోదానికి భాష కావాలి.

నాలుగోది కూడా ఒకటుంది, రెస్పాన్స్ షీటులో కనబడనిది: తెలియకపోయినా ఒప్పయిన జవాబు. అది మార్కుల్లో కలిసిపోయి వచ్చినట్టే భ్రమ కలిగిస్తుంది. అందుకే ఇంట్లో మాదిరి పరీక్ష రాసేటప్పుడు ఊహించిన ప్రతి ప్రశ్న మీదా ఒక చుక్క పెట్టుకోవాలి. చుక్క ఉన్న ఒప్పును కూడా తప్పుగానే లెక్కెయ్యాలి.

చదివే పద్ధతి గురించి మరొక్క మాట. రోడిగర్, కార్పికె అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2006లో ఒక ప్రయోగం ప్రచురించారు. విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చి, కొందరిని మళ్ళీ మళ్ళీ చదవమన్నారు, కొందరిని పుస్తకం మూసి గుర్తున్నది రాయమన్నారు. అయిదు నిమిషాల తరవాత పరీక్ష పెడితే మళ్ళీ చదివినవాళ్ళదే పైచేయి. వారం తరవాత పెడితే పుస్తకం మూసి రాసినవాళ్ళది. మన బడిపంతుళ్ళు ఎక్కాలను అప్పజెప్పించుకున్నది ఇందుకే కాబోలు. చూసి చదవడం వేరు, అప్పజెప్పడం వేరు. అప్పజెప్పేటప్పుడు తప్పు అక్కడికక్కడే బయటపడుతుంది.

ఇంతవరకూ చెప్పింది అభ్యర్థి చెయ్యగలిగింది. ఇక అభ్యర్థి చేతిలో లేనిది. ఈ టపా అసలు ఉద్దేశం అదే.

తండా అమ్మాయి సంగతి చూడండి. ఆమె ఇంటి భాష లంబాడీ. బడిలో తెలుగు, డిగ్రీలో ఇంగ్లీషు. టెట్‌లో మొదటి భాషకు 30 మార్కులు, రెండో భాషయిన ఇంగ్లీషుకు 30 మార్కులు. మొదటి భాషగా తెలుగు, ఉర్దూ, హిందీ, మరాఠీ, కన్నడం, తమిళం వంటివి ఎంచుకోవచ్చు. లంబాడీ లేదు, కోయ లేదు. కాబట్టి ఆమెకు రెండూ రెండో భాషలే. 150లో 60 మార్కులు అక్కడే ఉన్నాయి. మిగతా 90 మార్కులకు కూడా ప్రశ్నలుండేది గ్రాంథిక వాసన పోని పరిభాషలో. 'సామీప్య వికాస మండలం', 'పూర్వ ప్రచాలక దశ', 'సంగ్రహణాత్మక మూల్యాంకనం' వంటి మాటలు తెలుగు ఇంట్లో పుట్టినవాళ్ళకే పరాయివిగా ఉంటాయి. ఆ అమ్మాయి తాను తప్పిన ప్రశ్నలు చూపించింది. సంగతి తెలియక తప్పినవాటికన్నా, ప్రశ్నలో 'కానిది', 'సరికానిది' అన్న మాట దగ్గర బోల్తా పడ్డవే ఎక్కువ.

మొదటి భాషను లంబాడీలోకి మార్చమని నేననను. ఆమె రేపు తెలుగు మాధ్యమంలోనో ఇంగ్లీషు మాధ్యమంలోనో పాఠం చెప్పాలి, ఆ భాషలు ఆమెకు రావాలి. నేననేది ఇంతే: తండా బడికి కావలసిన అసలైన అర్హత ఆమె దగ్గర ఉంది. ఒకటో తరగతిలో చేరిన పిల్లవాడికి తెలుగు అర్థంకానప్పుడు వాడి భాషలో ఒక్క మాట చెప్పి దగ్గరకు తీసుకోగలదు. ఆ అర్హతను 150 ప్రశ్నల్లో ఒక్కటీ అడగదు. మూడు మార్కులు తక్కువైనందుకు ఆమె బయట ఉంటుంది.

తెలుగు విభాగంలోనూ ఇటువంటి వింత ఒకటి ఉంది. పోతన పేరు మోస్తున్న బమ్మెర, పాల్కురికి సోమన పాలకుర్తి ఇప్పటి జనగామ జిల్లాలోనివి. దాశరథి సోదరుల చినగూడూరు ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలోది. ఈ పిల్లలు పుట్టిన మట్టిలోనే సగం తెలుగు సాహిత్య చరిత్ర ఉంది. వాళ్ళకది నాలుగు జవాబుల మధ్య ఇరుక్కున్న ఒక పేరుగా తప్ప అందడం లేదు. భాగవతంలో పంచమ స్కంధం ఎవరిదో, షష్ఠం ఎవరిదో గంగన, సింగన అని టక్కున చెబుతారు. ఒక్క పద్యమైనా గొంతెత్తి చదివారా అంటే బిట్టులో పద్యం రాదు కదా అంటారు. తప్పు వాళ్ళది కాదు. పరీక్ష ఏది అడుగుతుందో చదువు అటే పోతుంది.

ఇప్పుడు భూపాలపల్లి మాస్టారి దగ్గరకు వద్దాం. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. టెట్ నిబంధన రాకముందు చేరిన ఉపాధ్యాయులు కూడా, పదవీ విరమణకు అయిదేళ్ళకు మించి గడువుంటే, రెండేళ్ళలోగా టెట్ ఉత్తీర్ణులు కావాలని చెప్పింది. అంతకన్నా తక్కువ సర్వీసు ఉన్నవాళ్ళు ఉద్యోగంలో కొనసాగవచ్చు గాని టెట్ లేకుండా పదోన్నతి ఉండదు. దాంతో తలనెరిసిన మాస్టార్లు కూడా 2026 జనవరి టెట్‌కు దరఖాస్తు పెట్టారు.

ఈయన బోధించేది జీవశాస్త్రం. రెండో పేపరులో గణితం, సామాన్యశాస్త్రం అభ్యర్థులకు ఒకటే ప్రశ్నపత్రం. 60 మార్కుల్లో గణితానికి 30, భౌతిక, జీవశాస్త్రాలు రెంటికీ కలిపి 30. ఇరవయ్యేళ్ళుగా చెబుతున్న తన శాస్త్రానికి దక్కేది ఆ రెండో ముప్ఫైలో సగం. డిగ్రీలో బోటనీ, జువాలజీ చదివిన మనిషి ఇంటర్ తరవాత గణితం ముట్టలేదు. "పిల్లలకు నేను పరీక్ష పెడ్తే ఎవరెక్కడ తప్పిండ్రో చూసి మళ్ళ చెప్త. నాకు చెప్పెటోళ్ళు ఎవరు?" అన్నారాయన. అందులో నిష్ఠూరం లేదు, నిజంగానే అడిగారు. భూపాలపల్లికి రైలు లేదు. బడి వదిలాక పరకాల మీదుగా బస్సెక్కి హనుమకొండ కోచింగుకు వెళ్ళి రావడం అయ్యే పని కాదు.

ఉపాధ్యాయులకు పరీక్ష ఉండకూడదని నా వాదన కాదు. ఉండాలి. ఏ తండా పిల్లవాడికైనా పాఠం తెలిసిన మాస్టారు దొరకడం వాడి హక్కు. ఇరవయ్యేళ్ళ సర్వీసు ఉన్నంత మాత్రాన పాఠం వచ్చినట్టు కాదన్న మాటా నిజమే. కాని టెట్ సిలబస్సే చెబుతున్న నిర్మాణాత్మక మూల్యాంకనం అంటే ఏమిటి? నేర్చుకునేవాడు ఎక్కడ వెనకబడ్డాడో కనిపెట్టి సాయం చేసే మూల్యాంకనం. ఆ నిర్వచనాన్ని అభ్యర్థుల చేత బట్టీ పట్టించే పరీక్ష, తాను మాత్రం పాసు, ఫెయిలు అని తేల్చి చేతులు దులుపుకుంటోంది.

ఇంకొక చిక్కు ఉంది. అర్హత అన్నది గడపలాంటిది. దాటామా లేదా అన్నదే ప్రశ్న. మన రాష్ట్రంలో మాత్రం డీఎస్సీ ర్యాంకులో టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ ఉంది. అలా ఇవ్వాలని 2011 నాటి జాతీయ మార్గదర్శకాలే చెప్పాయి. ఫలితంగా 100 వచ్చినవాళ్ళు 110 కోసం, 110 వచ్చినవాళ్ళు 120 కోసం మళ్ళీ మళ్ళీ రాస్తున్నారు. దీనికీ లెక్క చేద్దాం. టెట్‌లో ఒక మార్కు డీఎస్సీలో 0.13 మార్కు. పది మార్కులు పెరిగితే కలిసొచ్చేది 1.33. 11,062 పోస్టులకు జరిగిన 2024 డీఎస్సీలో రాతపరీక్ష 160 ప్రశ్నలకు 80 మార్కులు, ఒక్కో ప్రశ్నకు అర మార్కు. అంటే టెట్‌లో పది మార్కులు పెంచుకోవడానికి పడే ఆర్నెల్ల శ్రమ, డీఎస్సీలో మూడు ప్రశ్నలకు కూడా సమానం కాదు. ఒకసారి అర్హత సాధించినవాళ్ళు ఆ శ్రమను నేరుగా డీఎస్సీ మీద పెట్టడం మేలని నా మాట. అయితే పాయింట్లలో ర్యాంకులు తారుమారయ్యే పోటీలో వాళ్ళ భయాన్ని నేను తప్పుపట్టలేను. తప్పుపట్టవలసింది వెయిటేజీని. అది తీసేస్తే సగం మంది ఈ చక్రం నుంచి బయటపడతారు.

వెనకటి సంగతి కూడా గుర్తుంచుకోవాలి. తెలంగాణలో 2017 జులై తరవాత 2022 జూన్ దాకా టెట్ జరగనే లేదు. ఆ రోజు రెండు మార్కులతో తప్పినవాడు అయిదేళ్ళు కూర్చోవలసి వచ్చింది. 2024 నుంచి ఏడాదికి రెండుసార్లన్నారు. 2024 మే–జూన్, 2025 జనవరి, 2025 జూన్, 2026 జనవరి, ఇలా వరసగా జరిగాయి. ఇది మంచి మార్పు. కాని ఆర్నెల్లకోసారి పరీక్ష ఉండడంలో ఒక ప్రమాదం దాగి ఉంది. 'ఇది పోతే ఇంకోటి' అనుకుంటూ అదే గైడు, అదే పద్ధతి, అదే మార్కు. కళ్ళు మూసుకుని గీతలు గీయడానికి ఇప్పుడు అవకాశాలు ఎక్కువయ్యాయి, అంతే.

నేను కోరేవి పెద్దవేమీ కావు. తప్పిన ప్రతివారికీ మార్కుతో పాటు, ఏ విభాగంలో ఏ పాఠంలో వెనకబడ్డారో చెప్పే ఒక పుట ఇవ్వాలి. జవాబులన్నీ కంప్యూటరులోనే ఉన్నాయి కాబట్టి అది చెయ్యడానికి అదనపు ఖర్చు దాదాపు ఉండదు. పనిచేస్తున్న ఉపాధ్యాయులకు మండల కేంద్రాల్లోనే సెలవుదినాల్లో, వాళ్ళకు రాని సబ్జెక్టులో మాత్రమే తరగతులు పెట్టాలి. భూపాలపల్లి బయాలజీ మాస్టారికి గణితం చెప్పగల మాస్టారు పక్క బడిలోనే ఉంటారు. ప్రశ్నల తెలుగును, రాసేవాళ్ళకు అర్థమయ్యే తెలుగులోకి మార్చాలి. వెయిటేజీ ఎత్తెయ్యాలి.

ఇవి జరిగేదాకా, మళ్ళీ రాస్తున్నవాళ్ళకు చెప్పదలచుకున్నది ఇంతే. కొత్త గైడు కొనకండి. పాత రెస్పాన్స్ షీటు తెరవండి. ఒంటరిగా చదవకండి, మీకు రానిది వచ్చిన ఒకరిని వెతుక్కుని మీకు వచ్చినది వాళ్ళకు చెప్పండి. జనగామ అబ్బాయికి గణితం బాగా వచ్చు, తెలుగు వ్యాకరణంలో తడబడతాడు. నేనీ సంగతి చెప్పాక భూపాలపల్లి మాస్టారికి ఆదివారాలు ఫోనులోనే క్షేత్రమితి లెక్కలు చెబుతున్నాడు. మొదటి రోజు "సార్, మీకు నేను చెప్పుడేంది" అని సిగ్గుపడ్డాడట. ఇప్పుడు మాస్టారు తప్పు చేస్తే మొహమాటం లేకుండా ఆపుతున్నాడట.

మీ ఇళ్ళల్లో, మీ ఊళ్ళల్లో ఈ పరీక్ష మళ్ళీ రాస్తున్నవాళ్ళు తప్పకుండా ఉంటారు. ఈసారి వాళ్ళు కనబడితే "ఎంతవరకు చదివావు" అని కాక, "పోయినసారి ఎక్కడ తప్పాయి" అని అడిగి చూడండి. వాళ్ళేమంటారో నాకూ చెప్పండి.